వార్షికోత్సవాల మాస్టార్లకు, టీచరమ్మలకు: నెత్తురు గురించి ఒక మనవి



రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ బడిలోనైనా సరే, ఆగస్టు 15 వచ్చినా, జనవరి 26 వచ్చినా, వార్షికోత్సవం వచ్చినా ఆ బరువంతా మీ నెత్తినే పడుతుందని నాకు తెలుసు. సిలబస్ ఎక్కడిదక్కడే ఉందని ఒకవైపు హెడ్మాస్టరుగారు, మా వాడికి మెయిన్ వేషం ఎందుకివ్వలేదని మరోవైపు తల్లిదండ్రులు. ఈ గొడవలో అల్లూరి వేషం వేసిన కుర్రాడి చొక్కా మీద నెత్తురు మరక ఎలా ఉండాలో ఆలోచించే తీరిక మీకెక్కడ దొరుకుతుంది? పరిషత్తు నాటకాలకూ బడి నాటికలకూ మొహాలు దిద్దే పని నాది. ఆ ఆలోచనేదో నేను చేసి మీ ముందు పెడదామని ఈ ఉత్తరం.

అడిగేవి రెండే. పిల్లల ఒంటికి పూసే నెత్తురు వంటింట్లోంచి రావాలి, పొరపాటున నోట్లోకి పోయినా భయం లేనిదై ఉండాలి. రెండోది, ఇప్పుడు మీరు పూయిస్తున్న దాంట్లో పదో వంతు పూస్తే చాలు.

గ్రీన్‌రూమ్ అని బోర్డు పెట్టుకున్న ఆరో తరగతి గదిలో సాయంత్రం ఏం జరుగుతుందో మనకందరికీ తెలిసిందే. ఇంకో పావుగంటలో తెర లేస్తుందనగా “టీచర్, నెత్తురు మర్చిపోయాం” అని ఎవరో అరుస్తారు. ఇక చేతికి ఏది దొరికితే అదే నెత్తురు. సరస్వతీదేవి పటం ముందున్న కుంకుమ భరిణ, హోలీకి మిగిలిన రంగు పొట్లం, స్టాఫ్‌రూములో ఎర్ర సిరా, ఎవరో అమ్మాయి సంచిలో నెయిల్ పాలిష్, ఒక్కోచోట బడి గోడలకు రంగు వేసినప్పుడు మిగిలిపోయిన స్టెయినర్ సీసా కూడా. స్టేజీ లైట్ల కింద పిల్లాడికి ధారగా చెమట. నుదుటి మీద పూసింది కంట్లోకి జారుతుంది. పెదవి పక్కన పూసిన దాన్ని నాలుకతో నాకి చూడని పిల్లాడిని నేనింతవరకు చూడలేదు. డైలాగు మర్చిపోతాడేమో గానీ అది మాత్రం మర్చిపోడు.

కుంకుమ దేవుడి గదిలోది కదా, దానికేమవుతుందంటారు. పసుపు కొమ్ములతో ఇంట్లో చేసుకున్న కుంకుమైతే వేరే మాట. బజారులో చౌకగా దొరికే పొడిలో చాలావరకు ఉండేది బట్టలకు వేసే రంగు. సిందూరం సంగతి ఇంకా అన్యాయం, పరీక్ష చేస్తే సీసం బయటపడిన సందర్భాలున్నాయి. ఇక రోడమిన్-బి అనే రంగు పేరు మీరు పేపర్లో చదివే ఉంటారు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది ఈ రంగు వల్లనే. మరుసటి నెలలో కర్ణాటక కూడా పీచుమిఠాయిలో, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు కలపకూడదంది. బజారు పొడి చిటికెడు నీళ్ళలో వేస్తే గులాబీ రంగులో మెరిసిపోతుంటే అనుమానించాల్సింది దాన్నే. తినే వస్తువులో వద్దని ప్రభుత్వాలు చెప్పిన దాన్ని మనం పిల్లాడి పెదవుల మీద పూస్తున్నాం.

మరి ఏ రంగు వాడాలి? మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. వాటిలో ఎరుపు మూడు: పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. కిరాణా కొట్లోనో బేకరీ సామాన్ల కొట్లోనో మిఠాయి రంగు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఈ పేర్లలో ఒకటి, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. విడిగా పొట్లం కట్టి ఇచ్చేది తీసుకోవద్దు. అనుమతి ఉన్న రంగైనా కొందరి ఒంటికి పడదు కాబట్టి ముందురోజే మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి చూడమని ఇంటికి కబురు పంపండి. దురద పుట్టినా, దద్దురు లేచినా ఆ పిల్లాడికి నెత్తురు లేని వేషం ఇచ్చేయడమే.

ఇక వంట మొదలుపెడదాం. అరకప్పు చన్నీళ్ళు తీసుకుని ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలపండి. తెల్లగా, మెత్తగా ఉండేదే కావాలి, రొట్టెలకు వాడే పచ్చటి మొక్కజొన్న పిండి కాదు. సన్నని సెగ మీద పెట్టి కలుపుతూనే ఉంటే తెల్లదనం విరిగి గంజిలా నిగనిగలాడుతుంది, అప్పుడు దించేయండి. వేరే గిన్నెలో అర చెంచా కోకో పొడిని కాసిని వేణ్ణీళ్ళతో ముద్ద చేసుకోండి. పొడిని నేరుగా గంజిలో వేస్తే పైన తేలి ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా కరగదు. పావు చెంచా మిఠాయి రంగును కూడా ఇలాగే విడిగా కరిగించాలి. ముందు కోకో ముద్ద, తర్వాత రంగు కొద్దికొద్దిగా గంజిలో కలుపుతూ రండి. మరీ నారింజ ఛాయ వస్తే రెండు మూడు చుక్కల కాఫీ డికాక్షన్ వేయండి. వేడి మీద పలచగా ఉందని కంగారు పడొద్దు, చల్లారాక చిక్కబడుతుంది. తెల్ల పింగాణీ పళ్ళెంలో ఒక చుక్క వేసి పళ్ళెం వంచి చూడండి. చుక్క నీళ్ళలా పరుగెత్తితే పలచన. కదలనని మొండికేస్తే చిక్కన. తోక వదులుతూ నింపాదిగా జారితే కుదిరినట్టే.

కోకో ఎందుకో చెప్పాలి, ఎందుకంటే చాలామంది వదిలేసేది దాన్నే. అసలు నెత్తురులో ఎర్రకణాలు కిక్కిరిసి ఉంటాయి, అందుకే వెలుగు దాన్ని దాటిపోదు. ఒట్టి రంగునీళ్ళలోంచి వెలుగు హాయిగా దాటిపోతుంది. పిల్లాడి మీద ఎవరో రోజా షర్బత్ ఒలకబోసినట్టుంటుంది, అంతే. ఎరుపు ఎంత పెంచినా ఆ లోపం తీరదు. అడుగున కాస్త గోధుమ రంగు, కాస్త మందం ఉంటేనే కన్ను నమ్ముతుంది. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ తీసినప్పుడు స్నానాలగదిలో హత్య సన్నివేశానికి వాడింది చాక్లెట్ సిరప్. బ్లాక్ అండ్ వైట్ సినిమా కాబట్టి ఎరుపుతో పని లేదు, తూములోకి ఎలా పారుతోంది, ఎంత నల్లగా కనిపిస్తోంది అన్నదే ముఖ్యం. రంగు తప్పున్నా చెల్లుతుంది, నడక తప్పితే చెల్లదని నేను కుర్రాళ్ళకు చెప్పేది ఈ సినిమా చూపించే.

ధారగా కారే నెత్తురు కావాలంటే గంజి బదులు పాకం పట్టండి. కప్పు పంచదారకు అరకప్పు నీళ్ళు, నాలుగు చుక్కల నిమ్మరసం. తీగపాకం రాకముందే, వేళ్ళకు జిగురు తగలగానే దించెయ్యాలి. నిమ్మరసం వేయకపోతే చల్లారాక పంచదార పలుకులు తేలతాయి, ఈ సంగతి గులాబ్ జామూన్ చేసే ఎవరినడిగినా చెబుతారు. కోకో, రంగు పై లెక్కే. ఫోటోలు గంటసేపు తీయాలనుకుంటే మందుల షాపులో దొరికే గ్లిజరిన్ రెండు చెంచాలు కలపండి, తొందరగా ఆరిపోదు, తడి మెరుపు నిలుస్తుంది. నోటి దగ్గర పూసే దాంట్లో మాత్రం గ్లిజరిన్ వేయొద్దు. బీట్‌రూట్ రసం గురించి చాలామంది అడుగుతుంటారు. మంచిదే, కానీ లైట్ల కింద వంకాయ రంగు కొడుతుంది, కాస్త ఆరేసరికి వెలిసిపోతుంది. అన్నం తినిపించాల్సిన వయసు పిల్లలకు తప్ప ఎవరికీ సిఫారసు చేయను.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ నాటికలో నెత్తురు ఎవరికి కావాలి?

భగత్‌సింగ్ మొహం నిండా ఎరుపు పూసి స్టేజీ ఎక్కించని జిల్లా లేదు. ఆయన్ని 1931 మార్చి 23న లాహోరు జైల్లో ఉరి తీశారు. ఉరికంబం ఎక్కే మనిషి నుదుటి మీద నెత్తురెందుకు కారుతుంది? టంగుటూరి ప్రకాశం పంతులుగారికీ ఇదే గతి పట్టిస్తున్నారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకులకు ఎదురుగా చొక్కా విప్పి గుండె చూపించారాయన. ఆయన మీద తూటా పేలలేదు. ఆ ఘట్టం గొప్పతనమంతా అక్కడే ఉంది. అక్కడ ఛాతీ మీద ఎర్రరంగు పూస్తే కథే మారిపోతుంది. పొట్టి శ్రీరాములుగారిది 58 రోజుల నిరాహార దీక్ష, ఆయన వేషానికి బుగ్గల కింద, కణతల దగ్గర, మెడ నరాల పక్కన బూడిద రంగు నీడలు దిద్దాలి తప్ప ఎరుపుతో పనే లేదు.

కావలసిన వాళ్ళూ ఉన్నారు. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజుని చెట్టుకు కట్టి కాల్చారు. కొమరం భీమ్ 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో పడిపోయాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య కడుపులోకి తూటా దిగింది. గాంధీగారి మీద మూడు తూటాలు పేలాయి. వీళ్ళ నాటికల్లో నెత్తురు చూపించాల్సిందే, కాదనను. ఎంత చూపించాలన్నదే నా బాధ. తూటా గుడ్డను చింపేది చిటికెన వేలి గోరంత. ఆ కన్నం దగ్గర ముదురు గోధుమ రంగు, దాని చుట్టూ అరచేతిలో సగం ఎరుపు, నిలబడ్డ మనిషైతే కిందికి ఒకటి రెండు చారలు, పడుకున్న మనిషైతే గుండ్రంగా విస్తరించిన మరక. అంతే. కొమురయ్య వేషానికి కడుపు దగ్గర పూసి, కుర్రాడి చెయ్యి దాని మీద అదిమిపెట్టి ఉంచమనండి. వేళ్ళ సందుల్లో కనిపించే ఆ కాస్త ఎరుపే వెనక బెంచీ దాకా చేరుతుంది.

గుడ్డ మీద మరక సహజంగా రావాలంటే పైనుంచి పూయకండి. చొక్కా లోపలివైపు నుంచి చెంచాతో వేయండి, ఊరి బయటికి వస్తుంది. కింద ఒక పాలిథీన్ ముక్క అడ్డుపెడితే ఒంటికి అంటదు, వీపువైపు మడతకు పాకదు. పాకం నెత్తురు గుడ్డలో త్వరగా ఇంకదు, ముత్యాల్లా పైనే నిలబడుతుంది. దానికి ఒక చుక్క షాంపూ కలిపితే పీల్చుకుంటుంది. హాలీవుడ్ మేకప్ దిగ్గజం డిక్ స్మిత్ తన ప్రసిద్ధమైన నెత్తురు ఫార్ములాలో ఇదే పనికి ఫోటో-ఫ్లో అనే ద్రావకం వాడేవాడు, ఫిల్ములు కడిగేటప్పుడు నీటి చుక్కలు నిలవకుండా వాడేది. అది విషం కాబట్టి ఆ నెత్తురు నోటి దగ్గరికి రానివ్వకూడదు. మన షాంపూ చుక్క కూడా అంతే, గుడ్డకే గాని మొహానికి కాదు. మొహానికి పూసేదీ, గుడ్డకు పూసేదీ రెండు వేరే సీసాల్లో పోసి పైన చీటీ అంటించండి. గ్రీన్‌రూమ్ హడావిడిలో చీటీ లేని సీసా ఎవరి చేతిలో పడుతుందో ఎవరూ చెప్పలేరు. అన్నట్టు, డ్రెస్సు అద్దెకు తెచ్చిందైతే దాని మీద నేరుగా పూయొద్దు. అదే రంగు పాత నూలుగుడ్డ ముక్కకు మరక చేసి పిన్నీసుతో తగిలించండి. అడ్వాన్సు తిరిగి వస్తుంది.

మొహం మీదైతే ఇంకా పొదుపు. జుట్టు మొదట్లో ఒక చుక్క పెట్టి, ఐడ్రాపర్‌తో కనుబొమ్మ చివర మీదుగా చెంపకు ఒక్క గీత జారనివ్వండి. కంటికి దూరంగా. ఒకే గీత. వెనక వరుసలో కూర్చున్న వాళ్ళమ్మకు వాడి కళ్ళు కనిపించాలి కదా. నోట్లో నెత్తురు గుళికలు పెట్టడం, చిన్న పాలిథీన్ సంచి కొరికించడం సినిమావాళ్ళ పని, పిల్లల గొంతులో అడ్డం పడితే ఎవరం బాధ్యులం? పెదవి చివర గంజి నెత్తురు వేలితో అద్దితే సరిపోతుంది.

లైట్ల సంగతి చెప్పకపోతే పైదంతా వృథా. ఈ మధ్య ప్రతి బడికీ డీజే కుర్రాళ్ళు ఎల్ఈడీ లైట్లు తెస్తున్నారు. చావు సీను రాగానే వాళ్ళకు ఆవేశం వచ్చి స్టేజీ మొత్తం ఎర్రగా చేసేస్తారు. ఎర్ర వెలుగులో తెల్ల చొక్కా కూడా ఎర్రగానే కనిపిస్తుంది, మరక అందులో కలిసిపోతుంది. మీరు పొద్దున్నుంచి పడ్డ కష్టం మాయం. నీలం, ఆకుపచ్చ వెలుగులోనేమో ఎరుపు నల్లబడి తారు పూసినట్టవుతుంది. ఆ ఒక్క సీనుకు తెల్ల లైటో, లేత పసుపో వేయమని ముందే చెప్పి, చీటీ మీద రాసి చేతిలో పెట్టండి. నోటిమాట వాళ్ళకు పాటల హోరులో వినపడదు.

ఫోటోల దగ్గర తల్లిదండ్రులకు చెప్పాల్సింది ఒకటుంది. ఫోను కెమెరాలు ఎరుపును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తాయి. కంటికి సరిగ్గా ఉన్న నెత్తురు ఫోటోలో ప్లాస్టిక్‌లా వస్తుంది. కాబట్టి ఫోటో కోసమైతే ఒక పిసరు కోకో ఎక్కువ వేసి, ఫ్లాష్ ఆపి, చెట్టు నీడలో తీసుకోమనండి. తీయడం కూడా బడి ఆవరణలోనే. నెత్తురు చొక్కాతో పిల్లాడిని బండి మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగితే చూసిన పుణ్యాత్ముడెవరో 108కి ఫోన్ చేస్తాడు. నిజంగా ప్రమాదంలో ఉన్నవాడికి వెళ్ళాల్సిన బండి మన ఫ్యాన్సీ డ్రెస్ వెనక తిరుగుతుంది.

సైన్స్ చెప్పే మాస్టార్లకు ఒక ప్రత్యేక మనవి. ఆమ్లాలు, క్షారాల పాఠం ఎలాగూ చెబుతారు, దాన్ని స్టేజీ ఎక్కించొచ్చు. పసుపు మరకున్న చొక్కాకు సబ్బు పెట్టగానే ఎర్రబడటం చూడని ఇల్లాలు లేదు. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో ఉన్నదీ అదే, పసుపు, సున్నం. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగలగానే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది. తెల్ల ఉత్తరీయం లోపలి మడతకు చిక్కటి పసుపునీళ్ళు పూసి ఆరబెట్టండి. కుర్రాడి చేతిలో సబ్బునీళ్ళలో తడిపిన స్పాంజి ముక్క దాచండి. తుపాకీ చప్పుడు కాగానే గుండెను అదుముకుంటే ఆ చోటు ప్రేక్షకుల కళ్ళ ముందే ఎర్రబడుతూ వస్తుంది. చిక్కదనం అసలు నెత్తురంత ఉండదు గానీ, ఆ మార్పును జనం కళ్ళార్పకుండా చూస్తారు. నాటిక అయ్యాక అదే ఉత్తరీయం మీద నిమ్మకాయ పిండి చూపిస్తే, నిమ్మకాయలోంచి నెత్తురు కార్చే బాబాల గుట్టు కూడా సగం విప్పినట్టే. సున్నం మాత్రం వాడొద్దు. తమలపాకులో రాసుకునేదే కదా అనిపిస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ల్యాబ్‌లో ఫెర్రిక్ క్లోరైడ్, థయోసైనేట్ కలిపితే అచ్చం నెత్తురే వస్తుందని మీకు తెలుసు. ఆ ప్రయోగం పరీక్షనాళికలోనే ఉండనివ్వండి, పిల్లల చర్మం మీద వద్దు.

మిఠాయి రంగు చర్మానికి పట్టేస్తుంది, రెండు రోజులు పోదు. పూయడానికి ముందు ఆ చోట కొబ్బరినూనె పలచగా రాస్తే ఈ బాధ ఉండదు. తీసేటప్పుడు కూడా ముందు నూనెతో తుడిచి, తర్వాత శనగపిండితో రుద్ది కడగాలి. బట్టలు వెంటనే చన్నీళ్ళలో పడెయ్యండి, వేణ్ణీళ్ళు పోస్తే రంగు గుడ్డకు పట్టేస్తుంది. పసుపు మరక ఎన్ని ఉతుకులకూ వదలకపోయినా ఎండలో రెండు మూడు రోజులు వేస్తే తనంతట తనే వెలిసిపోతుంది. మిగిలిన నెత్తురును రేపటికని దాచకండి. గంజి పులుస్తుంది, పాకానికి చీమలు పడతాయి. నెత్తురు పూసిన చొక్కాలు బీరువాలో పెట్టి తాళం వేసుకుని, సోమవారం వచ్చి చూసుకుని గగ్గోలు పెట్టిన బడులు నాకు తెలుసు.

ఆఖరుగా ప్రోగ్రాం లిస్టు. పాకం చుక్కలు స్టేజీ మీద పడితే జారుడు, ఆరితే జిగురు. నాటిక వెనకే చిన్నపిల్లల గ్రూప్ డ్యాన్స్ పెడుతున్నారు చాలాచోట్ల, వాళ్ళు వట్టికాళ్ళతో పరుగెత్తుకుంటూ వస్తారు. ఆ చోట డ్యాన్స్ తీసేసి ముఖ్య అతిథిగారి ఉపన్యాసం వేయండి. మైకు ఎలాగూ ఓ పక్కన ఉంటుంది, తెర దించి లోపల తడిగుడ్డ పెట్టి రెండుసార్లు తుడిచి, ఫ్యాను వేసి ఆరబెట్టుకోవచ్చు. ఆయన ఎంత సేపు మాట్లాడితే మనకు అంత మంచిది.

ఇట్లు,
మీ మేకప్ మనిషి